చిన్నత్తయ్య నడిచింది, అత్తయ్య ఎందుకు నడవడం లేదు?

కోనసీమ నుంచి ఒక కోడలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఊరి పేరు, మనుషుల పేర్లు బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆవిడకి 46 ఏళ్లు. భర్త కువైట్‌లో పని చేస్తారు. ఇంట్లో ఆవిడ, ఇంటర్ చదివే కొడుకు, 72 ఏళ్ల అత్తగారు ఉంటారు. కార్తీకమాసంలో ఒక సోమవారం తెల్లవారుజామున అత్తగారు తలకి పోసుకుని, తులసికోట దగ్గర దీపం పెట్టడానికి వెళ్తూ చేతిపంపు పక్కన పాకుడు పట్టిన గచ్చు మీద జారిపడ్డారు. మళ్లీ లేవలేదు. కుడికాలు పొట్టిగా అయిపోయి, పాదం బయటికి తిరిగిపోయింది. "ఆస్పత్రికెళ్తే కోసేస్తారు, ముందు నాటుకట్టు వేయిద్దాం" అని భర్తగారి పెదనాన్న పట్టుబట్టారు. అలా రెండు రోజులు పోయాయి. మూడో రోజున కాకినాడలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే, తుంటి దగ్గర తొడ ఎముక మెడ (పైనుండే బంతికి కింది సన్నటి భాగం) విరిగి పక్కకి జరిగిందని చెప్పి, మర్నాడు ఆపరేషన్ చేసి "సగం కీలు" వేశారు. ఆపరేషన్ తర్వాత మూడు రాత్రులు పెద్దావిడ చనిపోయిన భర్తతో మాట్లాడారు, సెలైన్ సూది పీకేశారు. తర్వాత సర్దుకున్నారు.

ఇప్పటికి నాలుగు నెలలు దాటింది. వాకర్ పట్టుకుని గదిలోంచి హాల్లోకి వస్తారు, అంతే. కాసేపు నిలబడితే కుట్ల పక్కన నొప్పి అంటారు. రాత్రిపూట నొప్పి లేదు, జ్వరం లేదు. కుట్లు విప్పించాక మళ్లీ డాక్టరుకి చూపించలేదు. పప్పు తింటే చీము పడుతుందని మూడు నెలలు చారన్నం, బీరకాయ కూరతోనే గడిపారు. మనిషి చిక్కిపోయారు. "నా పని అయిపోయిందే" అని రోజుకి పదిసార్లు అంటారు.

పక్కనే ఇంకో కథ ఉంది. అత్తగారి చెల్లెలికి, అంటే చిన్నత్తగారికి, రెండేళ్ల క్రితం అరుగుదల వల్ల తుంటి మార్పిడి అయింది. ఆవిడకి పూర్తి కీలు వేశారు. రెండో నెలకే చేతికర్ర వదిలేశారు. నాలుగో నెలలో వాడపల్లి వెంకన్న ఏడు శనివారాలు మొదలుపెట్టి, ప్రదక్షిణలన్నీ నడిచే పూర్తి చేశారు. సంక్రాంతికి వచ్చి అక్కని చూసి "నాకు ఇలా లేదే!" అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో గొడవ మొదలైంది. హైదరాబాద్‌లో ఉండే ఆడపడుచు ఫోన్ చేసి, "డబ్బు మిగులుతుందని మా అమ్మకి సగం కీలు వేయించావు. ఇక్కడికి తీసుకొస్తే మళ్లీ ఆపరేషన్ చేయించి పూర్తిది వేయిస్తాను" అంటున్నారట. భర్త మధ్యలో నలిగిపోతున్నారు.

"నేను తప్పు చేశానా? మళ్లీ ఆపరేషన్ చేయించాలా? ఆవిడ మళ్లీ నడుస్తారా?" ఉత్తరం చివర ఉన్న ప్రశ్నలు ఈ మూడే.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు ఎముకల వార్డుల్లో గడిపిన మనిషిగా జవాబు రాస్తున్నాను. అత్తగారి కాలు సంగతి ముందు చెబుతాను. అది సరిగ్గా అర్థమైతే మీ మీద పడ్డ నింద చాలావరకు దానంతటదే పోతుంది.

అక్కచెల్లెళ్లిద్దరికీ తుంటి మార్పిడి అయింది కాబట్టి ఇద్దరికీ ఒకటే జబ్బు అని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఆపరేషన్ పేరు ఒకటే గానీ జబ్బులు రెండు. చిన్నత్తగారిది కీలు జబ్బు. గుజ్జు అరిగిపోయి, ఎముకా ఎముకా రాసుకుని, ఏళ్ల తరబడి నొప్పి పెట్టిన కీలు అది. దాన్ని తీసేసి కొత్తది పెడితే జబ్బు కూడా దాంతోపాటే పోయింది. మీ అత్తగారి కీలు శుభ్రంగానే ఉంది. ఎముక గుల్లబారింది, కండ తగ్గింది, కాలు జారింది. ఆపరేషన్‌తో విరిగిన చోటు బాగుపడింది. గుల్లబారిన ఎముక, తగ్గిన కండ, మళ్లీ పడిపోతాననే భయం మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి ఇంతవరకు ఎవరూ వైద్యం చేయలేదు.

ఇంకో సంగతి చూడండి. మీ గృహప్రవేశానికి వచ్చినప్పుడు చిన్నత్తగారు మూడు మెట్లు ఎక్కలేక అరుగు మీదే కూర్చుండిపోయారని మీరే రాశారు. రాత్రిళ్లు పక్క మీద ఇటు నుంచి అటు తిరగలేకపోయేవారనీ రాశారు. అలాంటి మనిషికి ఆపరేషనైన నెలకి నొప్పి పోతే స్వర్గం కనిపిస్తుంది. మీ అత్తగారు పడిన ముందురోజు సాయంత్రం కూడా సంతకి నడిచి వెళ్లి కూరలు తెచ్చుకున్న మనిషి. చిన్నత్తగారు గోతిలోంచి గట్టెక్కారు. అత్తగారు గట్టు మీంచి గోతిలో పడ్డారు, ఆపరేషన్ ఆవిడని సగం దూరం పైకి లాగింది. ఇద్దరూ ఒకచోటే బయల్దేరినట్టు కొలిస్తే ఎవరికి అన్యాయం జరుగుతుందో చూడండి.

బయల్దేరడంలోనూ ఎంత తేడా ఉందో. చిన్నత్తగారు ముహూర్తం చూసుకుని వెళ్లారు. అంతకుముందు నెల రోజులు షుగర్ అదుపులో పెట్టుకున్నారు, రక్తం చూపించుకున్నారు, ఇంట్లో కమోడ్ కట్టించుకున్నారు, వాకర్‌తో నడవడం ముందే నేర్చుకున్నారు. అత్తగారిని రెండు రోజులు మంచం మీద కదలకుండా ఉంచి, నొప్పితో సరిగ్గా తిండి నీళ్లు లేక డస్సిపోయాక, ఆటోలో కుదుపుల మీద తీసుకెళ్లారు. అదే డాక్టరు అదే కీలు ఇద్దరికీ వేసినా, ఫలితం ఒకేలా ఉండేది కాదు.

ఈ ఆపరేషన్‌కి అంత పేరు రావడానికి కూడా అరుగుదల పేషెంట్లే కారణం. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. 2007లో లాన్సెట్ అనే వైద్యపత్రిక దీన్ని 'శతాబ్దపు ఆపరేషన్' అంది. అరుగుదలకి వేసిన కీళ్లలో సగానికి పైగా 25 ఏళ్లు నిలుస్తున్నాయని 2019లో లెక్క కట్టారు. ఇవన్నీ నిజాలే. కాకపోతే తుంటి విరిగినవాళ్ల లెక్కలు వేరే. వాళ్లలో దాదాపు సగం మందే పడకముందులా మళ్లీ నడవగలుగుతున్నారు. మిగతావాళ్లలో చాలామంది కర్రతోనో వాకర్‌తోనో తిరుగుతారు. కీలు జారడం, చీము పట్టడం, రక్తం ఎక్కించాల్సి రావడం కూడా వీళ్లకే ఎక్కువ. జారడానికి ఒక కారణం చెబుతాను. అరిగిన కీలు చుట్టూ పొర ఏళ్ల తరబడి మందంగా, బిగుసుగా తయారవుతుంది. ఆపరేషన్ తర్వాత ఆ బిగువే కొత్త కీలుని పట్టి ఉంచుతుంది. విరిగినవాళ్లలో ఆ బిగువు ఉండదు. నిన్నటిదాకా బాసింపట్టు వేసుకుని కత్తిపీట ముందు కూర్చున్న కాలు కాబట్టి, అలవాటు కొద్దీ ఎటంటే అటు వంగిపోతుంది.

మీరు అడగలేదు గానీ ఇది కూడా తెలియాలి. తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఏడాది తిరిగేలోపు ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల నలుగురిలో ఒకరు చనిపోతున్నారు. అరుగుదలకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మొదటి మూడు నెలల్లో పోయేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. మిమ్మల్ని భయపెట్టాలని ఈ లెక్క చెప్పడం లేదు. మీ అత్తగారు అన్నిటికంటే గండమైన నెలలు దాటేశారు. ఒళ్లు పుండ్లు పడకుండా, ఊపిరితిత్తులకి నిమ్ము చేరకుండా దాటారు. ఆవిడ మంచం పక్కన ఎవరున్నారో మీ ఆడపడుచు ఒకసారి ఆలోచించాలి.

ఇప్పుడు "సగం కీలు" మాట. తుంటిలో ఒక గిన్నె, అందులో తిరిగే ఒక బంతి ఉంటాయి. అరుగుదలలో రెండూ పాడవుతాయి కాబట్టి రెండూ మారుస్తారు. ఎముక మెడ విరిగితే బంతికి రక్తం అందక అది పనికిరాకుండా పోతుంది, గిన్నె మాత్రం బాగానే ఉంటుంది. అందుకని పెద్దవయసులో చాలామందికి బంతి ఒక్కటే మారుస్తారు. ఇది తక్కువ రకం వైద్యం కాదు. చిన్న ఆపరేషన్, రక్తం తక్కువ పోతుంది, కీలు జారే ప్రమాదం తక్కువ. తుంటి విరిగిన సుమారు 1,500 మందిని రెండు జట్లుగా చేసి, ఒకరికి సగం, ఒకరికి పూర్తి కీలు వేసి రెండేళ్లు గమనించి 2019లో ఫలితాలు చెప్పారు. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు జట్లలోనూ నూటికి ఎనిమిది మందే. పూర్తి కీలు వేసినవాళ్లకి కదలిక కాస్త మెరుగ్గా ఉంది గానీ చెప్పుకోదగ్గ తేడా కాదు. కీలు పట్టు తప్పడం మాత్రం పూర్తి కీలు వాళ్లలో దాదాపు రెట్టింపు కనిపించింది. పడకముందు ఎంత దూరమైనా చురుగ్గా నడిచేవాళ్లకి, మతి బాగున్నవాళ్లకి పూర్తి కీలు వేయడం కూడా సబబే. డాక్టర్లు మనిషిని బట్టి నిర్ణయిస్తారు. మీరు డబ్బు చూసుకుని సగం కీలు వేయించారన్న మాటకి మాత్రం ఆధారం లేదు.

ఇక నాటుకట్టుతో పోయిన ఆ రెండు రోజులు. దాని గురించి దాచను. తుంటి విరిగితే 24 నుంచి 48 గంటల్లో ఆపరేషన్ అయిపోవాలన్నది డాక్టర్లందరూ ఒప్పుకునే మాట. ఆలస్యమైన కొద్దీ మనిషి నీరసపడతాడు, మంచం మీద వచ్చే జబ్బులు పెరుగుతాయి. కోలుకోవడం కొంత వెనకబడి ఉండొచ్చు. అలాగని కీలు మార్చాల్సి రావడానికి ఆ రెండు రోజులు కారణం కాదు. 72 ఏళ్ల వయసులో ఎముక మెడ విరిగి పక్కకి జరిగితే, గంటలో తీసుకెళ్లినా మార్చే ఉండేవారు. పైగా ఆ నిర్ణయం మీది కాదు. పెద్దాయన మాట కాదని అర్ధరాత్రి ఒంటరిగా అత్తగారిని కారెక్కించుకుని పోవడం భర్త ఊళ్లో లేని కోడలికి ఎంత కష్టమో మన ఊళ్లు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊళ్లో ఇంకెవరైనా ఇలా పడి, కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగితే, కట్లవాళ్ల కోసం చూడొద్దని మీరు గట్టిగా చెప్పండి. మీ మాటకి ఇప్పుడు విలువ ఉంటుంది.

ఆ మూడు రాత్రుల గురించి కూడా ఒక మాట. మామగారితో మాట్లాడటం చూసి "గాలి సోకింది" అన్నవాళ్లున్నారని, మతి పోతుందేమోనని మీకు ఇప్పటికీ భయంగా ఉందని రాశారు. తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఇది మేం తరచూ చూసేదే. నొప్పి, మత్తుమందు, నిద్రలేమి, కొత్త చోటు, ఒంట్లో నీరు తగ్గడం, ఇవన్నీ కలిసి మెదడుని తాత్కాలికంగా తికమక పెడతాయి. ఆవిడకి నాలుగో రోజుకి సర్దుకుంది కదా, భయపడొద్దు. ఇప్పుడు కూడా మతిమరుపు పెరుగుతున్నట్టు అనిపిస్తే అప్పుడు డాక్టరుకి చెప్పండి. ఇంకెప్పుడైనా ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే "పోయినసారి ఇలా అయింది" అని ముందే చెప్పాలి. కళ్లజోడు, గోడ గడియారం, తెలిసిన ముఖం దగ్గరుంటే అది చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడేం చేయాలి? మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఆడపడుచు అన్నట్టు హైదరాబాద్ తీసుకెళ్లి మళ్లీ ఆపరేషన్ చేయించడం. వేసిన కీలు తీసి కొత్తది వేయడం మొదటిదానికంటే పెద్ద ఆపరేషన్. రక్తం ఎక్కువ పోతుంది, చీము ప్రమాదం ఎక్కువ, కోలుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. చిక్కిపోయి, రక్తం తక్కువగా ఉండి, గుండె ధైర్యం సడలిన మనిషిని అలా బల్ల ఎక్కించడం నాకు నచ్చదు. కీలు వదులైతే, చీము పట్టితే, మాటిమాటికీ జారుతుంటే, కాడ (కొత్త బంతిని నిలబెట్టడానికి తొడ ఎముకలో దించిన లోహపు కడ్డీ) చుట్టూ ఎముక మళ్లీ విరిగితే, లేదా లోహపు బంతి గిన్నెని అరగదీసి గజ్జలో గట్టి నొప్పి వస్తుంటే, అప్పుడు మళ్లీ ఆపరేషన్ తప్పదు. ఇవేవీ లేకుండా "నడవడం లేదు" అన్న ఒక్క కారణంతో కోస్తే కండ పెరగదు, భయం పోదు.

రెండోది, ఏమీ చేయకుండా "వయసైపోయింది, ఇంతే" అని ఊరుకోవడం. ఇది తేలికగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో మొదటిదానికంటే ఎక్కువ నష్టం దీంతోనే. వాడని కండ రోజురోజుకీ కరుగుతుంది. ఒక తుంటి విరిగినవాళ్లకి రెండోవైపు విరిగే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ. మంచానికే అలవాటు పడితే ఆ నడుం, ఆ ఊపిరితిత్తులు, ఆ మనసు అన్నీ ఒకదాని వెంట ఒకటి జారిపోతాయి.

మూడోది, ముందు కీలు ఎలా ఉందో తేల్చుకుని, ఆ తర్వాత మూడు నెలలు మనిషిని నిలబెట్టే పని పట్టుకోవడం. నేనైతే దీనివైపే మొగ్గుతాను. తుంటి విరిగాక మెరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో వస్తుంది, ఏడాది దాకా కొంచెం కొంచెంగా సాగుతుంది. మీరింకా ఐదో నెలలోనే ఉన్నారు.

తేల్చుకోవడానికి హైదరాబాద్ దాకా రాత్రంతా ప్రయాణం అక్కర్లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారి దగ్గరికే వెళ్లండి. మొహమాటంగా ఉంటే కాకినాడలోనో రాజమండ్రిలోనో ఇంకో ఎముకల డాక్టరుకి చూపించండి. డిశ్చార్జి కాగితం, పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్‌లో వాడిన కీలు స్టిక్కర్ ఉంటే అదీ పట్టుకెళ్లండి. కొత్త ఎక్స్‌రే తీయించి పాతదాని పక్కన పెట్టి చూడమనండి. రక్తంలో హిమోగ్లోబిన్, చీము పట్టిందేమో అనుమానం తీర్చే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, విటమిన్ డి, కాల్షియం చూపించండి. ఎక్స్‌రేలు ఫోన్‌లో ఫొటో తీసి ఆడపడుచుకి పంపండి. ఆవిడకి నమ్మకమున్న డాక్టరుకి అక్కడ చూపించుకుంటారు. మనిషిని కదపకుండానే రెండో అభిప్రాయం వస్తుంది.

డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "నొప్పి ఎక్కడ?" అనే. అత్తగారిని ఒక వేలితో చూపించమనండి. గజ్జలో అయితే గిన్నె సంగతి చూడాలి. తొడ మధ్యలో, లేచి మొదటి అడుగులు వేసినప్పుడు ఎక్కువైతే, కాడ వదులైందేమో చూడాలి. నడుం నుంచి పిక్క దాకా లాగితే వెన్నుపూస వల్ల కావచ్చు. మీరు రాసినట్టు పక్కన, ఎక్కువసేపు నిలబడితేనే వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పి అయితే, చాలావరకు అలిసిపోయిన కండదే. అయినా ఎక్స్‌రే లేకుండా నేను హామీ ఇవ్వలేను. జ్వరంతో నొప్పి రావడం, కుట్ల దగ్గర తడి, పిక్క వాచి గట్టిపడటం, ఉన్నట్టుండి ఆయాసం, ఒక్కసారిగా కాలు మోపలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు.

ఎక్స్‌రేలో కీలు బాగుందని తేలితే, అసలు పని వంటింట్లో మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందన్నది నిజం కాదమ్మా. గాయం మానడానికి, కండ పట్టడానికి కావాల్సిన మాంసకృత్తులు పప్పులో ఉన్నాయి. మూడు నెలలు చారన్నంతో ఉంచడం వల్ల ఆవిడ కండని ఆవిడ ఒళ్లే తినేసింది. పథ్యం పెట్టమన్నది పెద్దవాళ్లే, మీరు ప్రేమతోనే పాటించారు. ఇక ఆపేద్దాం. కిడ్నీ జబ్బు లేదని రక్తపరీక్షలో తేలితే ఆవిడ బరువుకి రోజుకి 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకి ఆరు గ్రాములు, గ్లాసు పాలకి ఏడెనిమిది, వందగ్రాముల చేపకి ఇంచుమించు ఇరవై. వారానికి మూడు రోజులు చేపల పులుసు కాగే ఇల్లు మీది. ఆ పులుసు నీళ్లు మాత్రమే పోసి ముక్క పక్కన పెట్టకండి. పొద్దున గుడ్డు, మధ్యాహ్నం పప్పూ చేపముక్కా, రాత్రి గడ్డపెరుగు, పడుకునే ముందు పాలు, ఇలా సర్దేస్తే లెక్క దగ్గరికి వస్తుంది.

తర్వాత ఎముక. చాలామంది ఇళ్లలో విరిగిన ఎముకకి ఆపరేషన్ అవుతుంది గానీ, విరగడానికి కారణమైన గుల్లతనానికి మందు పడదు. కాల్షియం, విటమిన్ డి బిళ్లలు వాడితే సరిపోతుందనుకుంటారు. ఈ దశలో అవి పునాది మాత్రమే. ఏడాదికి ఒకసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్ ఉంది. తుంటి విరిగి ఆపరేషనైన 2,127 మంది మీద పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. మందు లేనివాళ్లలో నూటికి దాదాపు 14 మందికి మళ్లీ ఎక్కడో ఒకచోట ఎముక విరిగితే, మందు తీసుకున్నవాళ్లలో 9 మందికే విరిగింది. చనిపోయినవాళ్లు కూడా తగ్గారు. ఆ పరీక్షలో మొదటి 90 రోజుల్లో ఇచ్చారు. మీకు ఆ గడువు దాటినా ఇప్పుడు ఇవ్వకూడదని లేదు. కిడ్నీ పనితీరు, విటమిన్ డి, పళ్ల సంగతి చూసి డాక్టరే నిర్ణయించాలి. అది పడనివాళ్లకి వారానికొక బిళ్ల లాంటి వేరే మందులున్నాయి. ఈ మాట మీరే అడగండి. "డాక్టరుగారూ, ఎముక గుల్లతనానికి మందు మొదలుపెడదామా?" చాలు.

ఇక నడక. ముందు ఆ వాకర్ తిరగేసి కాళ్లు చూడండి. రబ్బరు బుడిపెలు అరిగిపోయి ఇనుము బయటికొస్తే గచ్చు మీద టకటకమని చప్పుడవుతుంది, జారుతుంది. ఆ చప్పుడుకే పెద్దవాళ్లు గుండెలు పట్టుకుని ఆగిపోతారు. మందుల షాపులో కొత్తవి దొరుకుతాయి. ఆవిడ చేతులు కిందికి వదిలి నిలబడితే వాకర్ పిడి మణికట్టు దగ్గరికి రావాలి. ఆస్పత్రిలో ఎవరికో సరిపెట్టిన ఎత్తులోనే వాడుతూ, నాలుగు నెలలు వంగి నడిచిన మనుషుల్ని చూశాను.

ఫిజియోథెరపిస్టుని వారానికి రెండుసార్లు ఇంటికి పిలిపించగలిగితే మంచిది. లేకపోతే ఒకసారైనా పిలిచి నేర్చుకోండి, మీ అబ్బాయి చేత వీడియో తీయించండి. అన్నిటికంటే పనికొచ్చేది ఒకటుంది: చేతులున్న గట్టి కుర్చీలోంచి లేచి నిలబడటం, మెల్లగా కూర్చోవడం. ఐదుసార్లు, రోజుకి మూడు పూటలు. పది రోజులకి ఎనిమిదిసార్లు. తర్వాత కిటికీ ఊచ పట్టుకుని నిలబడి, ఆపరేషన్ అయిన కాలు పక్కకి జానెడు ఎత్తడం. నడిచేటప్పుడు పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచే కండ అదే. మొదట్లో నొప్పి ఉంటుంది. వ్యాయామం ఆపాక గంటా రెండు గంటల్లో తగ్గే నొప్పి అయితే ఫర్వాలేదు, రాత్రంతా ఉంటే మర్నాడు సగం చేయించండి. కింద కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం, పొట్టి పీట మీద కూర్చోవడం మాత్రం డాక్టరు చెప్పేదాకా వద్దు. కత్తిపీట అటక మీద పెట్టేయండి, కుర్చీలో కూర్చుని చాకుతో చిక్కుళ్లు తరగమనండి. పని చేతికొస్తే మనిషికి ప్రాణం లేచొస్తుంది.

"నా పని అయిపోయిందే" అన్న మాట తేలిగ్గా తీసుకోకండి. అది భయం కావచ్చు, దిగులు జబ్బు కూడా కావచ్చు. తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం ఉంటే డాక్టరుకి చెప్పండి, మందులున్నాయి. కళ్లకి శుక్లాలున్నాయేమో, నిద్రమాత్రలు, బీపీ మాత్రలు వేసుకుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయేమో కూడా చూడాలి. మీ ఆయనకి నాదొక విన్నపం. రోజూ వీడియో కాల్‌లో "ఇంకా నొప్పిగా ఉందా అమ్మా?" అని అడుగుతున్నారని రాశారు. ఆ ప్రశ్నకి నొప్పే జవాబుగా వస్తుంది. వ్యాయామం చేసే వేళకి ఫోన్ చేసి, "ఈ రోజు ఎన్నిసార్లు లేచావు?" అని అడిగి, ఎదురుగా లెక్కపెట్టమనండి. కొడుకు చూస్తున్నాడంటే ఇంకో రెండుసార్లు లేస్తారు.

చిన్నత్తగారితో కూడా మాట్లాడండి. ఆవిడకి దురుద్దేశం లేదు. ఆవిడని వారం రోజులు అక్క దగ్గర ఉండమనండి. తనతో పోల్చకుండా, తను వాకర్ మీద ఎన్ని రోజులు ఏడ్చిందో చెప్పమనండి.

ఆడపడుచుకి ఏం చెప్పాలి? వాదనకి దిగితే "సగం కీలు, పూర్తి కీలు" దగ్గరే ఆగిపోతారు. నాకైతే ఇలా అనిపిస్తుంది: "వదినా, కొత్త ఎక్స్‌రే పంపుతున్నాను, మీ డాక్టరుకి చూపించండి. కీలులో లోపముందని తేలితే మీరన్నట్టే చేద్దాం. లేదంటే మూడు నెలలు వ్యాయామం చేయిద్దాం. ఆ మూడు నెలల్లో ఒక నెల మీరొచ్చి అత్తయ్య దగ్గరుండండి, లేదా ఒక ఆయా ఖర్చు పంచుకుందాం." ఆవిడ ఒప్పుకుంటే మీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఒప్పుకోకపోయినా, ఎవరు దగ్గరుండి చేస్తున్నారో మీ ఆయనకి స్పష్టంగా తెలుస్తుంది. అత్తగారిని చంకల కింద పట్టి లేపుతున్నారని, మీ నడుం పట్టేసిందని ఒక్క లైను రాసి వదిలేశారు. ఆ లైను నన్ను ఆపింది. ఆవిడని మీరు ఎత్తకూడదు, ఆవిడే లేవాలి. కుర్చీ ఎత్తు పెంచితే లేస్తారు. నాలుగు కాళ్ల కింద గట్టి చెక్కదిమ్మలు పెట్టి, మేకులు కొట్టించండి.

మళ్లీ నడుస్తారా అని అడిగారు. వాడపల్లి గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేస్తారని నేను మాటివ్వను. కర్ర సాయంతో, ఇంకొకరి చెయ్యి లేకుండా, స్నానాలగది దాకా, వీధి అరుగు దాకా, పెరట్లో తులసికోట దాకా నడవగలిగేవాళ్లు ఇలాంటి స్థితిలోంచే చాలామంది వచ్చారు. వాకర్‌తోనే ఆగిపోయినా, తన పని తను చేసుకోగలిగితే అది ఓటమి కాదు. ఎక్స్‌రే, రక్తపరీక్షల కాగితాలు వచ్చాక మళ్లీ రాయండి.

ఈలోపు ఒక పని మాత్రం వానలు పడకముందే చేయించండి. తాపీమేస్త్రిని పిలిచి, చేతిపంపు నుంచి తులసికోట దాకా ఉన్న ఆ గచ్చు మీద పాకుడు బ్లీచింగ్ చల్లి గీకించి, గరుకు సిమెంటు వేయించి, పక్కన నడుం ఎత్తున ఒక ఇనుప గొట్టం పట్టుకోవడానికి పాతించండి. వచ్చే కార్తీకానికి దీపం పెడతానని అత్తగారు బయల్దేరితే, మీరు కంగారు పడకుండా వెనకే నిలబడొచ్చు.